బాబుకి ఆరు నెలల్లో రెండుసార్లు టైఫాయిడ్. ఈ క్రిమి ఎక్కడ దాక్కుంటోంది?

మున్నేరు గట్టు:

నమస్తే అండి. మాది ఖమ్మం. నేనూ మా ఆయనా అత్తమ్మా కలిసి చిన్న టిఫిన్ సెంటర్ నడుపుకుంటాం. మా బాబుకి తొమ్మిదేళ్లు.

శ్రావణమాసంలో వాడికి జ్వరం పట్టుకుంది. మొదట 99, 100 ఉండి, రోజుకింత చొప్పున మెట్లెక్కినట్టు 103కి పోయింది. మా వీధి ఆర్‌ఎంపీ డాక్టరుగారు విడాల్ టెస్టు చేయించారు. ‘ఓ’ ఎదురుగా 1:160 అని వచ్చింది. టైఫాయిడే అన్నారు. మూడు రోజులు సెలైన్ ఎక్కించి అందులోనే ఇంజక్షన్లు ఇచ్చారు. నాలుగో రోజు జ్వరం దిగింది, మేమూ అంతటితో ఆపేశాం.

సంక్రాంతి అయిన వారానికి మళ్లీ అదే జ్వరం. ఇంట్లో మిగిలిన అజిత్రోమైసిన్ సిరప్ రెండు రోజులు పట్టాను. తగ్గలేదు. పిల్లల ఆస్పత్రిలో చేర్చాం. అక్కడ రక్తం తీసి, అందులో క్రిమి పెరుగుతుందేమో చూసే కల్చర్‌ పరీక్షకి పంపారు, ఐదు రోజులకు “ఏమీ పెరగలేదు” అని రిపోర్టు వచ్చింది. అయినా టైఫాయిడ్ మందే వాడారు. ఆ జ్వరం తగ్గడానికి ఆరు రోజులు పట్టింది. వాడి మెడ దగ్గర ఎముకలు కనిపిస్తున్నాయి ఇప్పుడు. ఆ నెలలోనే అత్తమ్మకి కడుపునొప్పి వస్తే స్కానింగ్ తీయించాం, గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయన్నారు. రెండు ఖర్చులూ ఒకేసారి మీద పడ్డాయి.

నా బాధ ఏంటంటే, మేం కాచిన నీళ్లే తాగుతాం. బాబు బయట ఏమీ తినడు, తింటే మా దగ్గరి ఇడ్లీ, అత్తమ్మ చేసే పల్లీ చట్నీ. మరి రెండోసారి ఎలా వచ్చింది? మొదటిసారిదే లోపల ఉండిపోయిందా? మందులు దీనికి పనిచేయడం మానేశాయని అంటున్నారు, నిజమేనా? కొత్త మందులేమైనా వస్తున్నాయా? ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి. రాత్రి వాడి నుదురు పట్టుకుని చూడందే నిద్ర పట్టడం లేదు.

కల్చర్ ప్లేటు:

మీ పోస్టు రెండుసార్లు చదివానమ్మా. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేశాను. మొదట నాలుగేళ్లు ఒక యూనివర్సిటీ ల్యాబులో ఈ క్రిమి కుటుంబం మీదే, అంటే సాల్మొనెల్లా మీద పనిచేశాను. ఆ తర్వాత పదకొండేళ్లుగా విజయవాడలో ఒక ఆస్పత్రి కల్చర్ ల్యాబులో ఉన్నాను. డాక్టర్ని కాను కాబట్టి మందు చెప్పను. దాని అలవాట్లు మాత్రం చెప్పగలను.

ముందు ఆ కల్చర్ రిపోర్టు సంగతి. “ఏమీ పెరగలేదు” అంటే టైఫాయిడ్ లేదని అర్థం కాదు. మనిషి 103 జ్వరంతో కాలిపోతున్నప్పుడు కూడా ఒక మిల్లీలీటరు రక్తంలో ఈ క్రిములు ఒకటో రెండో ఉంటాయి, ఒక్కోసారి ఒక్కటీ ఉండదు. ఆ ఉన్నవాటిలో కూడా చాలావరకు మన తెల్ల రక్తకణాల లోపల కూర్చుని ఉంటాయి. అందుకే సరిగ్గా తీసినా పదింట్లో ఆరు కేసుల్లోనే కల్చర్ పట్టుకుంటుంది. మీరు ముందే రెండు రోజులు అజిత్రోమైసిన్ పట్టారు కదా, అది ఆ కొద్ది అవకాశాన్నీ తగ్గించేసింది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదమ్మా, మా ల్యాబుకి వచ్చే పిల్లల్లో చాలామంది ఇలాగే నాలుగు డోసులు వేసుకున్నాకే వస్తారు. ఇకముందు ఎప్పుడు అలాంటి జ్వరం వచ్చినా మొదటి చుక్క మందు కంటే ముందు కల్చర్ బాటిల్‌లోకి రక్తం వెళ్లాలి. ఈ ఒక్క మాటా ఇంట్లో అందరికీ చెప్పండి.

విడాల్ 1896 నాటి పరీక్ష. రక్తంలో ఈ క్రిమికి ఎదురుగా తయారైన యాంటీబాడీలున్నాయా అని చూస్తుంది. మన దగ్గర ఎప్పుడో ఈ క్రిమి సోకి తగ్గినవాళ్లలోనూ, టీకా వేసుకున్నవాళ్లలోనూ, వేరే జ్వరాల్లోనూ అవి కనిపిస్తాయి. ఒక్కసారి తీసిన 1:160 చూసి టైఫాయిడ్ అని తేల్చేయలేం. కాబట్టి శ్రావణంలో వచ్చింది టైఫాయిడ్ అయి ఉండొచ్చు, కాకపోనూ వచ్చు.

ఇక ఎక్కడ దాక్కుంటుంది అని కదా అడిగారు. నేను ల్యాబులో చేరిన కొత్తలో చూసినది చెబుతాను. ప్లేటు మీద పెరిగిన కాలనీ, అంటే క్రిముల గుంపు, ఏ క్రిమిదో తేల్చుకోవడానికి దాన్ని గాజు పలక మీద సెలైన్ చుక్కలో కలిపి, పైన ‘ఓ’ యాంటీసీరం, అంటే క్రిమి ఒంటి మీది ‘ఓ’ అనే గుర్తును పట్టుకునే యాంటీబాడీలున్న ద్రవం, ఒక చుక్క వేస్తాం. సరైన క్రిమి అయితే పాలు విరిగినట్టు తెల్లగా ముక్కలు కట్టాలి. ఆ రోజు ప్లేటు మీద కాలనీలు టైఫాయిడ్‌వి లాగే ఉన్నాయి, క్రిమిని గుర్తుపట్టడానికి పెంచే టీఎస్‌ఐ ట్యూబులో టైఫాయిడ్ క్రిమి గీసే ఆ సన్నటి నల్లగీత కూడా ఉంది. సీరం వేస్తే మాత్రం ఏమీ కాలేదు. పలకను అటూ ఇటూ ఊపుతూనే ఉన్నాను, మజ్జిగలా అలాగే ఉంది. మా సీనియర్ మేడమ్ చూసి, “మరిగించి చూడు” అన్నారు. అదే కాలనీని సెలైన్‌లో కలిపి, ట్యూబును మరిగే నీళ్లలో పెట్టి, చల్లార్చి మళ్లీ చుక్క వేశాను. క్షణాల్లో విరిగిపోయింది!

జరిగింది ఇదీ. టైఫాయిడ్ క్రిమి ఒంటి మీద వీఐ అనే చక్కెర పొర కప్పుకుని ఉంటుంది. యాంటీబాడీ పట్టుకోవాల్సిన ‘ఓ’ గుర్తు ఆ పొర కింద ఉండిపోతుంది. మరిగిస్తే పొర ఊడి వస్తుంది. నా గాజు పలక మీద సీరం మోసపోయినట్టే మనిషి ఒంట్లో రోగనిరోధక శక్తీ మోసపోతుంది. మామూలు విరేచనాల సాల్మొనెల్లాకి ఈ పొర ఉండదు, అది పేగులోకి రాగానే ఒళ్లు గోల పెడుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే వాంతులు, విరేచనాలు. టైఫాయిడ్ క్రిమి చప్పుడు లేకుండా చిన్నపేగు గోడ దాటి లోపలికి పోతుంది. జ్వరం కనిపించడానికి వారం, రెండు వారాలు పట్టేది అందుకే.

లోపలికి వెళ్లాక అది చేసే పని ఇంకా ఆశ్చర్యం. క్రిముల్ని మింగి చంపడానికి మాక్రోఫేజ్‌లు అనే కణాలుంటాయి మనకి. ఇది వాటితో మింగించుకుంటుంది! మింగగానే చుట్టూ ఆమ్లం పెరుగుతుంది, మెగ్నీషియం తగ్గుతుంది. అది పసిగట్టి, ఇంజక్షన్ సూది లాంటి ఒక యంత్రాన్ని బయటికి తీసి, తానున్న సంచి గోడలోంచి తన ప్రోటీన్లను ఆ కణంలోకి ఎక్కిస్తుంది. దాంతో ఆ సంచి దీన్ని చంపే గది కాకుండా ఇది కాపురం ఉండే గది అవుతుంది. ఆ కణాల్లోనే కాలేయానికీ, ప్లీహానికీ, ఎముక మజ్జకీ చేరుతుంది. సెఫ్ట్రియాక్సోన్ లాంటి ఇంజక్షన్ రక్తంలో బాగా ఉంటుంది కానీ కణాల లోపలికి అంతగా పోదు. అందుకే సరైన మందు పడినా జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. జ్వరం దిగింది కదా అని మూడు రోజులకే ఆపేస్తే లోపల మిగిలినవి రెండు మూడు వారాల్లో మళ్లీ లేస్తాయి. అజిత్రోమైసిన్‌కున్న గొప్పతనం ఏంటంటే అది కణాల లోపలే పోగుపడుతుంది.

కానీ మీ బాబుకి మధ్యలో ఐదు నెలలకు పైగా ఎడం ఉంది. తిరగబెట్టడం మామూలుగా అంత ఆలస్యంగా రాదు. కొత్తగా మళ్లీ లోపలికి వెళ్లిందనే నాకు అనిపిస్తోంది.

ఇప్పుడు కొంచెం జాగ్రత్తగా రాస్తున్నాను, మీరు నొచ్చుకోకండి. ఈ క్రిమికి మనిషి తప్ప ఇల్లు లేదు. కోళ్లలో ఉండదు, పశువుల్లో ఉండదు. మీ బాబుకి వచ్చిందంటే అది ఎవరో ఒక మనిషి లోంచే రావాలి. టైఫాయిడ్ సోకినవాళ్లలో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురు దాకా, ఏ జ్వరమూ నొప్పీ లేకుండా, ఏళ్ల తరబడి దాన్ని మోస్తుంటారు. అది కూర్చునే చోటు గాల్‌బ్లాడర్. అక్కడి రాళ్ల మీద బంక లాంటి పొర కట్టుకుని ఉంటుంది, ఆ పొరలోకి మందు సరిగా దిగదు. నడివయసు దాటిన ఆడవాళ్లు, అందులోనూ రాళ్లున్నవాళ్లు ఇలా మోసేవారిలో ఎక్కువ. మీరు అత్తమ్మగారి స్కానింగ్ గురించి ఖర్చు మాటల్లో రాశారు. ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆమె దగ్గర ఉందని అనడం లేదు, చూడాలి అంటున్నాను. ఇడ్లీ ఆవిరిలో ఉడుకుతుంది, అందులో ఇది బతకదు. చట్నీ రుబ్బాక మళ్లీ పొయ్యి మీద పెట్టం.

న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటావిడ ఉండేది. 1907లో ఆమెను పట్టుకున్నారు. ఒంట్లో ఏ జబ్బూ లేదు, వంట చేసిన ఇళ్లలో టైఫాయిడ్ వచ్చేది. వేడి వేడి వంటకాలతో అది ఎలా పాకుతుందని వెతికితే, ఆమె పచ్చి పీచ్ పళ్లు కోసి చేసే ఐస్‌క్రీమ్ మీదకి అనుమానం పోయింది. ఆమెకు చికిత్స లేదు ఆనాడు. మొత్తం ఇరవయ్యారేళ్లు ఒక దీవిలో ఉంచేశారు, 1938లో అక్కడే పోయింది. ఆ కథ చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది. మీ ఇంట్లో అలాంటిది ఏమీ జరగదు, ఇప్పుడు దారులున్నాయి. అత్తమ్మగారి మలం కల్చర్ చేయించండి. ఒక్కసారి కాదు, వేర్వేరు రోజుల్లో కనీసం మూడుసార్లు. ఎందుకంటే అది రోజూ బయటపడదు.

పిల్లల వార్డు:

నేను స్టాఫ్ నర్సుని, పిల్లల వార్డులోనే పద్నాలుగేళ్లు. పైన అక్క అంతా చెప్పారు, నేనొకటే కలుపుతాను. జ్వరం మొదలైన మూడో వారంలో పిల్లాడు ఒక్కసారిగా చల్లబడి, పొట్ట బల్లలా గట్టిపడితే “జ్వరం దిగింది” అని సంతోషపడకండి. పేగులో పుండు పడిన చోట చిల్లి పడుతుంది. మా వార్డుకి వచ్చిన ఒక పదేళ్ల బాబుకి ఇంటి దగ్గర పదహారు రోజులు సెలైన్‌లే ఎక్కించారు. మా దగ్గరకు వచ్చేసరికి పొట్ట మీద చెయ్యి పెట్టనివ్వలేదు. రాత్రికి రాత్రే ఆపరేషన్ అయింది. బతికాడు. వాళ్ల నాన్న ఇప్పటికీ దసరాకి ఫోన్ చేస్తాడు.

వదినా, మీవాడికి పథ్యం పేరుతో గంజి ఒక్కటే పోయకండి. మెత్తగా ఉడికించిన అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు, అన్నీ పెట్టండి. ఆ ఎముకలు నిండాలి.

హబ్సిగూడ 7:

మందుల సంగతి నేను రాస్తాను, పీహెచ్‌డీ చేస్తున్నాను, యాంటీబయాటిక్ నిరోధకతే నా విషయం.

“మందులు పనిచేయడం మానేశాయి” అన్నది సగం నిజం. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చి టైఫాయిడ్‌ని లొంగదీసింది. 1972లో కేరళలో కోళికోడ్‌లో దానికి లొంగని టైఫాయిడ్ పాకింది. 90లకి వచ్చేసరికి ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ కూడా పోయాయి. తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ మీద పడ్డాం, దాన్నీ అరగదీశాం. ఇప్పుడు సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్ మీద నడుస్తోంది.

2016లో పాకిస్థాన్‌లో, సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్‌లో, సెఫ్ట్రియాక్సోన్‌కి కూడా లొంగని టైఫాయిడ్ బయటపడింది. జన్యువులు చదివి చూస్తే, ఆ ఒక్క రకం ఒక ప్లాస్మిడ్‌ని సంపాదించుకుంది. ప్లాస్మిడ్ అంటే ఒక క్రిమి ఇంకో క్రిమికి చేబదులు ఇచ్చే చిన్న డీఎన్‌ఏ చుట్ట. అలాంటిదే మన పేగుల్లో ఉండే ఈ.కొలైలోనూ కనిపించింది. అప్పుడు నోటితో వేసుకునేవాటిలో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది, ఆపైన మెరోపెనెం ఇంజక్షను. ఆ హైదరాబాద్‌కి టీకా ఎక్కడి నుంచి వెళ్లిందో తెలుసా? మన హైదరాబాద్‌లో తయారైన టైప్‌బార్ టీసీవీ. 2019లో పాకిస్థాన్ దాన్ని పిల్లలకిచ్చే మామూలు టీకాల్లో చేర్చింది, ప్రపంచంలో మొదటగా. ఇది తలచుకుంటే నాకు ఛాతీ ఉప్పొంగుతుంది.

ఆ టీకాలో ఉన్నది పైన అక్క చెప్పిన వీఐ పొరే. చక్కెర ఒక్కటే ఇస్తే పసిపిల్లల ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకోదు, అందుకని ధనుర్వాతం టీకాలో వాడే ప్రోటీన్‌కి అతికించారు. ఆరు నెలల పసివాడికి కూడా ఒక్క డోసు వేయొచ్చు. నేపాల్ పిల్లల్లో చేసిన పరీక్షలో సుమారు 80 శాతం కేసుల్ని ఆపింది. మీ బాబు పూర్తిగా కోలుకున్నాక ఎప్పుడు వేయించాలో పిల్లల డాక్టర్ని అడగండి. ఒకసారి జబ్బు వచ్చినంత మాత్రాన మళ్లీ రాకుండా ఉండదు.

కొత్త మందులంటే, మెరోపెనెం కుటుంబంలోదే, నోటితో వేసుకునే టెబిపెనెం మూత్రనాళ ఇన్ఫెక్షన్లలో చివరి దశ పరీక్ష దాటింది. టైఫాయిడ్‌కి పనికొస్తుందా అన్నది వేరే పరీక్ష తేల్చాలి. నాకు ఎక్కువ ఆశ ఉన్నది ఇంకో దారి మీద. బాక్టీరియా గోడ చేపల వల లాంటిది. పెన్సిలిన్ నుంచి మెరోపెనెం దాకా అన్నీ ఆ వల అల్లకుండా ఆపేవే. కానీ క్రిమి పెరగాలంటే పాత అల్లికను కత్తిరించి, సందు చేసి, కొత్త పోగు వేయాలి కదా. ఆ కత్తెరలు ఏవో ఈ.కొలైలో కనిపెట్టింది ఇక్కడ హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో మంజులా రెడ్డి గారి ల్యాబు. గోడ మీద చేసిన పనికి ఆమెకు 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. ఆ కత్తెర్ల మీద పనిచేసే మందు ఇంకా రాలేదు. అది వస్తే ఇప్పుడున్న నిరోధకతల్లో ఎక్కువ భాగం దానికి అడ్డు రాకూడదు.

కల్చర్ ప్లేటు:

పై తమ్ముడు రాసిన దానికి ఒక మాట. జబ్బు ఎలా కలుగుతుందో తెలుసుకోవడం మనం అనుకున్నంత తిన్నగా సాగదు. 2013లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఈ క్రిమి తయారుచేసే విషం పనితీరు తేల్చారు. ఎలుకలకు ఎక్కిస్తే టైఫాయిడ్ లక్షణాలు చాలా కనిపించాయి. నేనప్పుడు యూనివర్సిటీ ల్యాబులో ఉన్నాను. విషం దొరికింది, ఇక విరుగుడు చేసేస్తే చాలు అని అందరం ఎంత సంబరపడ్డామో. 2019లో ఆక్స్‌ఫర్డ్‌లో, తెలిసి ముందుకొచ్చిన వాలంటీర్లకి వంటసోడా నీళ్లతో కడుపులో ఆమ్లం తగ్గించి, ఆ విషం జన్యువు తీసేసిన క్రిమిని తాగించారు. వాళ్లకీ మామూలుగానే టైఫాయిడ్ వచ్చింది. వెంటనే మందిచ్చి తగ్గించారు. అంటే జ్వరానికి ఆ విషం అక్కర్లేదు. ఆ పేపరు కాఫీ పక్కన పెట్టుకుని చదివాను, కాఫీ చల్లారిపోయింది. వీఐ పొర దారి మాత్రం నిలబడింది, ఇవాళ పిల్లలకి వేసే టీకా అదే.

మున్నేరు గట్టు:

నెల తర్వాత రాస్తున్నాను. అందరికీ దండాలు.

అత్తమ్మకి మూడుసార్లు కల్చర్ చేయించాం. మొదటి రెండింట్లో ఏమీ లేదు. మూడోదాంట్లో వచ్చింది. “సాల్మొనెల్లా టైఫీ” అని ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా ఆర్ అని, కోట్రైమాక్సజోల్, క్లోరాంఫెనికాల్, సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ అన్నిటికీ ఎస్ అని ఉంది. ఆర్ అంటే ఆ మందుకి లొంగదు, ఎస్ అంటే లొంగుతుంది అట. పాత మందులు పోయాయని అన్నారు కదా, మళ్లీ ఎస్ ఎలా వచ్చింది?

ఆమెకి చెప్పేసరికి నా గొంతు పెగల్లేదు. చిన్నప్పుడు తనకి ఇరవై ఒక్క రోజుల జ్వరం వచ్చిందనీ, తల వెంట్రుకలన్నీ రాలిపోయాయనీ అప్పుడు చెప్పింది. కాసేపాగి, “అయితే నా చేతి చట్నీ వాడికి పెట్టొద్దా?” అంది. నేనేం చెప్పాలి అక్కా?

కల్చర్ ప్లేటు:

ఆమె చేతిలో తప్పు లేదని ముందు చెప్పండి. ఇది ఆ ఇరవై ఒక్క రోజుల జ్వరం నాటిదో, ఆ తర్వాత ఎప్పుడో తెలియకుండా సోకిందో చెప్పలేం. ఆమె దాన్ని కొని తెచ్చుకోలేదు, ఎవరి నుంచో ఆమెకీ వచ్చింది.

ఎస్ ఎందుకు వచ్చిందంటే, ఆ మందుల్ని మనం కొన్నేళ్లుగా టైఫాయిడ్‌కి పెద్దగా వాడటం లేదు. నిరోధకత జన్యువులు మోయడం క్రిమికి బరువే, అవసరం లేనప్పుడు వదిలేసిన రకాలు నిలబడ్డాయి. మా ల్యాబులో ఇప్పుడు చాలా రిపోర్టులు అచ్చం మీదాని లాగే ఉంటున్నాయి, సిప్రోకి ఆర్, క్లోరాంఫెనికాల్‌కి ఎస్. అంతమాత్రాన మందుల షాపులో అడిగి కొనకండి. క్లోరాంఫెనికాల్ అరుదుగా ఎముక మజ్జని దెబ్బతీస్తుంది.

మోసేవాళ్లకి నెల రోజుల పాటు ఇచ్చే మందు మామూలుగా సిప్రోనే, ఆమెది దానికి లొంగదు. రాళ్లు కూడా ఉన్నాయి కాబట్టి గాల్‌బ్లాడర్ తీసేయడం గురించి డాక్టర్లు మాట్లాడతారు. తీసేశాక కూడా మళ్లీ కల్చర్లు చేయించాలి, కొందరిలో కాలేయం నాళాల్లో మిగిలిపోతుంది. అప్పటిదాకా ఆమె వంటలో చెయ్యి పెట్టకూడదు. బాత్రూమ్ నుంచి వచ్చాక సబ్బుతో చేతులు, గోళ్ల సందులతో సహా. మీరూ మీ ఆయనా కూడా ఒకసారి కల్చర్ ఇచ్చేయండి, టీకా గురించీ అడగండి.

చట్నీ మాటకి, “పోపు నువ్వు చెప్పు, నేను వేస్తాను” అనండి.

మున్నేరు గట్టు:

అలాగే అన్నాను అక్కా. ఇవాళ పొద్దున కుర్చీ వేసుకుని గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. అక్కడి నుంచే, “పల్లీలు ఇంకా వేగలేదు, వాసన రావట్లేదు” అని అరుస్తోంది. బాబు రెండు కిలోలు పెరిగాడు. శుక్రవారం సర్జన్ దగ్గరికి వెళ్తున్నాం, ఆ ఆర్, ఎస్ కాగితం ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టాను.